చిన్నదని కొట్టేయకు

పంజగుట్ట

చిరంజీవి బుజ్జికి,

అమీర్‌పేటలో పైథాన్ కోర్సుకు డబ్బు కట్టేశావట, మంచిదే. "ఎమ్మెస్సీలో చదివిన కాంతి గొడవ ఇప్పుడెందుకు మామయ్యా?" అన్నావు చూడు, దానికి కేబుల్ పని చేసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

మైత్రీవనం దగ్గర స్తంభాలకు వేలాడే నల్ల కేబుళ్లు రోజూ చూస్తున్నావుగా. వాటి లోపలి ఫైబర్ మీది జెల్లీ తుడిచి, పూత ఒలిచి, కొస క్లీవర్‌తో తెంపి స్ప్లైసింగ్ మెషిన్‌లో పెడితే తెర మీద రెండు గాజు పోగులు ఎదురెదురుగా కనిపిస్తాయి. కాంతి నడిచే భాగం, అంటే కోర్, 9 మైక్రాన్లకు అటూ ఇటూ, అంతే. అంత ఇరుకులో కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం రవ్వంత మారుతుంది. చిన్నది కదా అని మీ మొదటి పాఠాల్లో సమీకరణంలో ఆ మార్పును తెలిపే పదాన్ని కొట్టేసి లెక్క చేస్తారు. మాకు ఆ వీలు లేదు. వందల కిలోమీటర్లు పోయేసరికి అది పోగుపడి ఒక సిగ్నల్ ఇంకోదాంట్లోకి చొరబడుతుంది. అందుకే పవర్‌ను హద్దులో ఉంచేవాళ్లం.

మేం తప్పించుకు తిరిగినదాన్నే కొందరు పనిలో పెట్టారు. ఫైబర్‌లో పోయేకొద్దీ కాంతి పల్స్ వెడల్పుగా సాగుతుంటే, తీవ్రతతో గాజు మారే ఈ గుణమే దాన్ని సాగకుండా పట్టి ఉంచగలదని 1973లో హసెగావా, టాపర్ట్ లెక్కగట్టారు. 1980లో బెల్ ల్యాబ్స్‌లో మాలెనాయర్ బృందం అది నిజమని చూపించింది. 2000లో అక్కడే రాంకా, విండెలర్, స్టెంట్జ్ కోర్ చుట్టూ గాలి రంధ్రాలున్న 75 సెంటీమీటర్ల ఫైబర్ తీసుకున్నారు. ఆ రంధ్రాల వల్ల వాళ్ల లేజర్ రంగు దగ్గర పల్స్ పెద్దగా సాగదు, తీవ్రత తగ్గదు. 100 ఫెమ్టోసెకన్ల పల్స్ ఒకే రంగులో లోపలికి పోయి, ఊదా నుంచి పరారుణం దాకా పరుచుకుని బయటికొచ్చింది.

బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అమ్మమ్మకు ఓసీటీ స్కాన్ తీశారు, గుర్తుందా? అది కాంతితో తీసే స్కాన్; ఆ కాంతిలో రంగుల వెడల్పు ఎంత పెరిగితే రెటీనా పొరలు అంత విడివిడిగా తెలుస్తాయి. మామూలు మెషిన్లలో ఆ వెడల్పు ఒక రకం డయోడ్ నుంచి వస్తుంది. 2001లో ఆ గాలి రంధ్రాల ఫైబర్ కాంతితోనే ఓసీటీ స్కాన్ చేసి, రెండు మూడు మైక్రాన్ల వివరం రాబట్టారు.

కోర్సు మానమనను. పల్స్ సమీకరణాన్ని కంప్యూటర్ మీద చిన్న చిన్న అడుగులుగా సాధిస్తారు: ఒక అడుగు సాగడానికి, ఒక అడుగు తీవ్రతకు. ఈ ఆదివారం దాన్ని పైథాన్‌లో రాయి. ఆ చిన్న పదం ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి నడుపు. రెండు గ్రాఫులూ పట్టుకుని గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగానికి వెళ్లు. ఫెమ్టోసెకండ్ లేజర్లతో పనిచేసేవాళ్లు అక్కడున్నారు. ఏ చదువు వదలాలో ఆ తర్వాత ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ మామయ్య