దెబ్బ తినకుండా, దెబ్బ కొట్టకుండా – ఐకిడో నేర్పే పాఠాలు

కరాటే, జూడో అనే మాటలు మన పిల్లలకు కూడా తెలుసు. ఐకిడో అంటే మాత్రం "అదేమిటి సిస్టర్?" అని అడిగేవారే ఎక్కువ. ఇది కూడా జపాను దేశంలో పుట్టిన ఆత్మరక్షణ విద్యే. అయితే ఎదుటివాణ్ణి ఓడించడం దీని ఉద్దేశం కాదు. మీద పడిన మనిషికి కూడా గాయం కాకుండా గొడవను ఆపడమే దీని ఉద్దేశం. రాత్రింబగళ్ళు రోగులతోనూ, వారి బంధువులతోనూ మెలిగే మనకు ఇందులో పనికివచ్చే సంగతులు ఎన్నో ఉన్నాయి.

'ఐ' అంటే కలయిక, 'కి' అంటే ప్రాణశక్తి, 'డో' అంటే మార్గం. దీన్ని స్థాపించినవారు మొరిహే ఉయెషిబా. ఆయన 1883లో తనాబె అనే ఊరిలో పుట్టారు. చిన్నప్పుడు బలహీనుడు, పెద్దయ్యాక కూడా పొట్టి మనిషే. 1912లో కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని ఉత్తరాన చలి ఎక్కువగా ఉండే హొక్కైడో దీవికి వెళ్ళి అడవి కొట్టి ఊరు కట్టుకున్నారు. అక్కడే తకెదా సొకాకు అనే గురువు వద్ద జుజుత్సు నేర్చుకున్నారు. 1925లో ఒక నావికాదళ అధికారి చెక్క కత్తితో ఆయన మీదికి వచ్చాడనీ, ఈయన ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా పక్కకు తప్పుకుంటూ ఉంటే చివరికి ఆ అధికారే అలసి కూర్చున్నాడనీ ఆయన జీవిత చరిత్రల్లో చెబుతారు. 1942లో, యుద్ధం సాగుతుండగానే, టోక్యో విడిచి ఇవామా అనే పల్లెకు వెళ్ళి వ్యవసాయం చేసుకుంటూ సాధన కొనసాగించారు. ఐకిడో అన్న పేరు స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే. 1969లో మరణించారు.

సాధన ఇద్దరిద్దరుగా జరుగుతుంది. ఒకరు పట్టుకుంటారు లేదా కొట్టడానికి వస్తారు. రెండవవారు ఆ పట్టును తిప్పి వారిని కింద పడవేస్తారు. కొద్దిసేపటికి పాత్రలు మారతాయి. ఒక శాఖలో తప్ప మిగతా వాటిలో పోటీలు, పతకాలు సాధారణంగా ఉండవు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. మణికట్టు మెలిపడిన మనిషి చేత్తో చాప మీద తట్టగానే రెండవవారు వదిలేయాలి. ఈ రోజు నా ఒళ్ళు మీ చేతిలో, రేపు మీ ఒళ్ళు నా చేతిలో అన్నమాట. మన నర్సింగ్ స్కూళ్ళలో విద్యార్థినులు ఒకరికొకరు బీపీ చూసుకుంటూ, ఒకరినొకరు మంచం మీద పక్కకు తిప్పుకుంటూ నేర్చుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. తాను ఒకసారి రోగిగా పడుకున్న పిల్ల, రోగిని విసురుగా తిప్పదు.

ఐకిడోలో మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. దీన్ని 'ఉకెమి' అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, చేయి మీదుగా భుజం, భుజం నుండి ఎదుటి తుంటి వైపుకు దొర్లుతారు. నేల మీద చేయి నిటారుగా ఊనరు. దీనికి కారణం మన క్యాజువాలిటీలో అందరికీ తెలుసు. జారినప్పుడు చేయి చాపి ఊనుకోవడం వల్లనే మణికట్టు ఎముకలు ఎక్కువగా విరుగుతాయి. అలాగని ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు దొర్లడం మొదలుపెట్టకండి! అది గురువు సమక్షంలో, మెత్తటి చాప మీద నేర్వవలసిన విద్య. పెద్దవాళ్ళకు కావలసింది తడి లేని స్నానాలగది, పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి పూట ఒక చిన్న లైటు. మంచం మీద నుండి లేచేటప్పుడు కాసేపు కూర్చుని ఆ తర్వాత నిలబడటం కూడా అలవాటు చేసుకోవాలి.

ఇక అసలు విషయం. ఎవరైనా మన చేయి గట్టిగా పట్టుకుంటే మనం వెనక్కు లాక్కుంటాం. లాగినకొద్దీ వాళ్ళు ఇంకా బిగిస్తారు. ఐకిడోలో చేతిని అక్కడే ఉంచి, అడుగు వేసి, ఒంటిని తిప్పుతారు. దీని పేరు 'తెన్కాన్'. తిరిగిన తర్వాత ఇద్దరూ ఒకే వైపు చూస్తూ పక్కపక్కన ఉంటారు. లాగులాట ఉండదు.

వార్డులో ఇది రోజూ అవసరమే. "గంట నుండి అడుగుతున్నాం, ఎవరూ ఏమీ చెప్పరేం?" అని ఒకతను అరుస్తాడు. "నన్నడిగితే నేనేం చేస్తాను, డాక్టరు గారిని అడగండి" అనడం చేయి లాక్కోవడమే. "రండి బాబూ, ఇలా కూర్చోండి. అమ్మగారికి ఇప్పటివరకు ఏమేం చేశామో చెబుతాను" అంటే అతని పక్కకు తిరిగినట్లు. అతని కోపం వెనుక భయం ఉంది. మనం కూడా ఆ భయం వైపే చూస్తున్నామని అతనికి తెలియాలి.

టెర్రీ డాబ్సన్ అనే అమెరికా యువకుడు ఉయెషిబా వద్దనే ఉండి నేర్చుకున్నాడు. ఒకసారి టోక్యో రైలులో తాగిన కూలి ఒకడు ప్రయాణికుల మీద పడుతుంటే, ఇన్నాళ్ళకు నా విద్యకు పని దొరికిందని ఇతను లేచి నిలబడ్డాడట. ఇంతలో ఒక ముసలాయన ఆ తాగుబోతును ఆప్యాయంగా దగ్గరకు పిలిచి, ఏమి తాగావని అడిగాడు. తానూ తన భార్యా సాయంత్రాలు తోటలో కూర్చుని కొంచెం పుచ్చుకుంటామని చెప్పాడు. ఆ మాటకు తాగినవాడు కరిగిపోయి, తన భార్య చనిపోయిందని, పని లేదని, ఇల్లు లేదని ఏడ్చాడు. డాబ్సన్ రైలు దిగేసరికి వాడు ముసలాయన ఒడిలో తల పెట్టుకుని ఉన్నాడు.

అయితే సామరస్యం అంటే తిట్లు భరించడం కాదు. "ఓర్చుకో సిస్టర్" అనే మాట మన వృత్తిలో మరీ ఎక్కువగా వినబడుతుంది. నేను దానికి ఒప్పుకోను. ఐకిడోలో దూరం చూసుకోవడం కూడా ఒక పాఠమే. కోపంగా ఉన్న మనిషికి చేయి అందనంత దూరంలో నిలబడండి. గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కోకండి. తలుపు దారి మీ వైపు ఉంచుకోండి. చేయి లేచిందంటే ఇక మాటలు వద్దు. బయటకు వచ్చి వాచ్‌మన్‌ను, డ్యూటీ డాక్టరును పిలవండి. ఆస్పత్రి సిబ్బందిపై దాడి చేయడం నేరమని 2008లోనే ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం వచ్చింది. జరిగినది రాతపూర్వకంగా ఇవ్వడానికి జంకవద్దు.

మన నడుములకు కూడా ఒక మాట. ఐకిడోలో బలం చేతుల నుండి కాక బొడ్డు కింది భాగం నుండి రావాలంటారు. రోగిని మంచం మీద నుండి కుర్చీలోకి మార్చేటప్పుడు బాగా దగ్గరగా నిలబడి, మోకాళ్ళు వంచి, నడుము మెలిపెట్టకుండా పాదాలతోనే తిరగండి. రోగి బరువైతే రెండవ మనిషి వచ్చేదాకా ఆగండి.

పిల్లలకు గానీ, మీరు గానీ నేర్చుకోవాలనుకుంటే, తొందరపడి విసరడం కాక మొదట పడటం ఓపికగా నేర్పే గురువును వెతుక్కోండి. ఎముకల బలం తగ్గినవారు, మెడ, నడుము డిస్కుల బాధ ఉన్నవారు ముందుగా డాక్టరు గారికి చూపించుకోవాలి. గర్భిణులు దొర్లడం, పడటం చేయకూడదు.