శుక్రవారం రాత్రే మొదలుపెట్టు

బుజ్జికి,

పాప పుట్టినరోజుకి ఐస్‌క్రీమ్ కేకు ఇంట్లోనే చేస్తానన్నావు, సంతోషం. కానీ ఆదివారం సాయంత్రం పండగైతే ఆ పొద్దున మొదలుపెడతానన్నావు చూడు, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. శుక్రవారం రాత్రే మొదలుపెట్టమ్మా. ఈ పనిలో ముప్పాతిక వంతు ఫ్రీజర్‌ది, దాన్ని తొందరపెట్టలేం.

మొదటిసారి నేనూ తొందరపడ్డాను. వెనిలా గట్టిపడకముందే దానిమీద మామిడిపండు గుజ్జు పోసేశాను. కోసేసరికి రెండూ కలిసిపోయాయి, గుజ్జేమో పళ్ళు జివ్వుమనే ఐసుగడ్డ అయింది. పండులో ఉన్న నీళ్ళు అలా గడ్డకట్టాయి. అప్పటినుంచి బంగినపల్లి గుజ్జులో చక్కెర వేసి, సన్నమంట మీద అడుగంటకుండా కలుపుతూ సగమయ్యేదాకా ఉడికించి, బాగా చల్లారాకే వేస్తున్నాను. చక్కెర ఉన్నచోట గడ్డ అంత బిగుసుకోదు. అడుగున పెట్టే స్పాంజికి పల్చటి పాకం పట్టించమనేదీ అందుకే. ఆ స్పాంజి అంగుళం మందం మించనివ్వకు.

ఐస్‌క్రీమ్ కొంటే డబ్బా మీద రాసింది చదువు. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే పాలకొవ్వుకు బదులు వెజిటబుల్ నూనె వాడారన్నమాట. మామూలు ఐస్‌క్రీమ్‌లో కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలని మన దేశంలో నిబంధన. అసలు కొనడమెందుకు? అర లీటరు విప్పింగ్ క్రీమ్ నురుగు నిలబడేదాకా గిలక్కొట్టి, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్ మెల్లగా కలిపితే చాలు. 25 శాతం కొవ్వుండే మామూలు ఫ్రెష్ క్రీమ్ సరిగ్గా నురగెత్తదు, 35 శాతం దాకా ఉండాలి. క్రీమూ గిన్నే రెండూ చల్లగా ఉండాలి, మే నెలలో ఇది మరీ ముఖ్యం.

కొన్నదైతే గట్టు మీద పెట్టి కరగబెట్టకు. ఇరవై నిమిషాలు ఫ్రిజ్ కింది అరలో ఉంచితే గరిటెకి లొంగుతుంది. నీళ్ళయిపోతే లోపలి గాలి పోతుంది, మళ్ళీ గడ్డకట్టినప్పుడు నాలుక్కి ఇసకలా తగులుతుంది. గిన్నెలో ప్లాస్టిక్ షీటు అంచులు బయటికి వేలాడేలా పరిచి, ఒక్కో పొరకీ నాలుగు గంటలు తగ్గకుండా టైమివ్వు. చివరి పొర రాత్రంతా ఉండాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల మీద ఉందో లేదో చూసుకో, పిల్లలు మాటిమాటికీ తలుపు తీయకుండా కాపలా కాయి.

వడ్డించే ముందు పది నిమిషాలు బయట పెట్టి, కత్తి వేడినీళ్ళలో ముంచి, తుడిచి కోయి. ప్రతి ముక్కకీ అలాగే.

చివరిగా ఒక్కమాట. పళ్ళాల్లో కరిగి మిగిలింది పారబోయడానికి మనసొప్పక మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకు. చల్లదనానికి క్రిములు చావవు, తినేది పసిపిల్లలు. ఆ ఒక్క విషయంలో నా మాట కాదనకు తల్లీ.

మీ పెద్దమ్మ