యుద్ధం వార్త – నమ్మేదెట్లా?

వెంకటాచలం నెల్లూరు జిల్లాలో ఒక మండలం. ఊరి పక్కగా చెన్నై పోయే పెద్ద రోడ్డు ఉంది. రైలు మార్గం ఉంది. కృష్ణపట్నం రేవుకు పోయే రైలు లైను ఇక్కడే చీలుతుంది. రేవు నుంచి బొగ్గు బండ్లు ఈ దారినే వస్తాయి.

సరుకు వస్తే జనం చూసి తీసుకుంటారు. బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి చూస్తారు. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటేనే కొంటారు.

వార్త కూడా ఒక సరుకే. అది ఇప్పుడు టీవీలో వస్తుంది. ఫోనులో వస్తుంది. మరి వార్తను మొప్ప ఎత్తి చూస్తున్నామా?

మామూలు రోజుల్లో అబద్ధపు వార్త వస్తే నష్టం కొంతే. యుద్ధం రోజుల్లో వస్తే నష్టం చాలా పెద్దది. అందుకే ఈ పాఠం.

నాలుగు రోజుల యుద్ధం

2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. చనిపోయిన వాళ్లలో నెల్లూరు జిల్లా మనిషి కూడా ఉన్నాడు.

మే 7 తెల్లవారకముందే భారత సైన్యం ఎదురు దాడి చేసింది. పాకిస్తాన్‌లో, పాక్ ఆక్రమిత కాశ్మీరులో 9 చోట్ల కొట్టింది. దీనికి ఆపరేషన్ సిందూర్ అని పేరు పెట్టారు. తర్వాత రెండు వైపుల నుంచీ క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. డ్రోను అంటే లోపల మనిషి లేకుండా ఎగిరే యంత్రం. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ అని ప్రకటించారు.

మే 8 రాత్రి కొన్ని టీవీ చానళ్లు ఒక పెద్ద కబురు చెప్పాయి. మన విక్రాంత్ యుద్ధనౌక కరాచీ రేవును కొట్టిందని చెప్పాయి. మంటలు చూపించాయి. ఆ మంటలు ఫోను నుంచి ఫోనుకు పాకాయి.

తెల్లవారింది. కరాచీ రేవు ఎప్పటిలాగే ఉంది. దాని మీద దాడి జరగనే లేదు. మన నౌకాదళం సముద్రంలో సిద్ధంగా ఉన్న మాట నిజం. కరాచీని కొట్టిన మాట నిజం కాదు.

అబద్ధం ఒక్క వైపే పుట్టలేదు. పంజాబులోని ఆదంపూర్‌లో భారత్‌కు విమాన స్థావరం ఉంది. అక్కడున్న ఎస్-400 క్షిపణి యంత్రాన్ని నాశనం చేశామని పాకిస్తాన్ చెప్పుకుంది. మే 13న ప్రధాని మోదీ ఆదంపూర్ వెళ్లారు. ఆయన వెనకాల ఆ యంత్రం నిలబడే ఉంది. ఆ ఫోటోను దేశమంతా చూసింది.

ఆ బొమ్మలు ఎక్కడివి?

"కంటితో చూశాం కదా, అబద్ధం ఎట్లా అవుతుంది?" అని కొందరు అంటారు. కన్ను చూసింది మంటనే. కానీ అది ఎక్కడి మంట? ఎప్పటి మంట?

ఒకటి, పాత బొమ్మ. 2020 ఆగస్టు 4న లెబనాన్ దేశంలో బీరుట్ రేవులో పెద్ద పేలుడు జరిగింది. గోదాములో నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. ఆ వీడియోను 2025లో తీసి, భారతదేశం మీద పడిన పాకిస్తాన్ క్షిపణి అని తిప్పారు.

రెండు, వేరే కథ బొమ్మ. గుజరాతులోని హజీరా రేవు మీద దాడి జరిగిందని ఒక వీడియో తిరిగింది. అది 2021లో ఒక చమురు ట్యాంకరు పేలినప్పటి వీడియో.

మూడు, ఆట బొమ్మ. కంప్యూటరులో పిల్లలు యుద్ధం ఆటలు ఆడతారు. అందులో విమానాలు కూలడం అచ్చం నిజంలాగే ఉంటుంది. ఆ ముక్కలు కోసి, నిజం యుద్ధం అని చూపించారు.

నాలుగు, యంత్రం చేసిన బొమ్మ. పాకిస్తాన్ సైన్యం తరఫున మాట్లాడే అధికారి వీడియో ఒకటి వచ్చింది. తమ విమానాలు రెండు పోయాయని ఆయన ఒప్పుకున్నట్టు అందులో ఉంది. ఆయన ఆ మాట అనలేదు. గొంతును కంప్యూటరుతో తయారు చేశారు. కొన్ని వార్తా సంస్థలు కూడా దాన్ని నమ్మాయి. చదువుకున్న వాళ్లు మోసపోరు అనుకోవడం తప్పు.

యుద్ధంలో అబద్ధం కూడా ఆయుధమే

విక్రాంత్ పేరుతో ఇంకో కథ ఉంది. అది 1971 నాటిది. మన విశాఖపట్నం తీరంలో జరిగింది.

అప్పటి విక్రాంత్ వేరే ఓడ. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే జలాంతర్గామిని పంపింది. జలాంతర్గామి అంటే నీటి అడుగున పోయే ఓడ. అప్పుడు తూర్పు నౌకాదళానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అధిపతి. ఆయన విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు దాచాడు. కానీ అది విశాఖలోనే ఉన్నట్టు కబురు పుట్టించాడు. పెద్ద ఓడకు సరిపోయేంత తిండి సామాను విశాఖలో తెమ్మన్నాడు. రాజ్‌పుత్ అనే పాత ఓడ చేత విక్రాంత్ మాదిరిగా వైర్‌లెస్ కబుర్లు పంపించాడు.

ఘాజీ నమ్మింది. విశాఖ దగ్గరికి వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా చనిపోయారు.

అది ఎట్లా మునిగింది? రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్ల అని భారత్ అంటుంది. లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటుంది. 50 ఏళ్లు దాటినా రెండు దేశాలూ రెండు మాటలు చెబుతున్నాయి. 50 ఏళ్లకు తేలనిది రాత్రికి రాత్రి టీవీలో తేలుతుందా?

ఇంకో తేడా కూడా గమనించాలి. 1971లో అబద్ధం శత్రువు చెవిలో వేశారు. 2025లో అబద్ధం మన ఇళ్లలోనే పడింది.

చెప్పని మాటలు కూడా ఉంటాయి

యుద్ధం జరిగేటప్పుడు ఏ ప్రభుత్వమూ అన్నీ చెప్పదు. సైన్యం ఎక్కడుందో చెబితే సైనికుల ప్రాణానికే ముప్పు. అందుకే సైన్యం కదలికలను నేరుగా చూపవద్దని 2025 ఏప్రిల్ 26న కేంద్ర ప్రభుత్వం టీవీ చానళ్లకు చెప్పింది. అది న్యాయమే.

కానీ నష్టం సంగతి కూడా ఆలస్యంగానే వస్తుంది. ఈ యుద్ధంలో మన విమానాలు కొన్ని పోయాయని త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఎన్ని పోయాయో చెప్పలేదు. ఆరు పోయాయన్న పాకిస్తాన్ మాట తప్పు అన్నారు. అప్పటికి కాల్పులు ఆగి మూడు వారాలు అయింది.

కొన్ని యుద్ధాల్లో చూసి చెప్పేవాళ్లనే లోపలికి రానివ్వరు. 2023 అక్టోబరులో గాజాలో యుద్ధం మొదలైంది. బయటి దేశాల విలేకరులను ఇజ్రాయెల్ స్వేచ్ఛగా లోపలికి పోనివ్వలేదు. అక్కడి స్థానిక విలేకరులే ప్రాణాలకు తెగించి వార్తలు పంపారు. వాళ్లలో చాలామంది చనిపోయారు.

కాబట్టి వార్తలో ఉన్నది చూడాలి. లేనిది ఏమిటో కూడా ఆలోచించాలి.

నష్టం ఎవరికి?

ఆ నాలుగు రోజుల్లో ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని పుకారు లేచింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఇట్లాంటి పుకారుకు ముందు భయపడేది కూలిపని చేసుకునే వాళ్లే. పని మానుకొని బ్యాంకు ముందు నిలబడితే ఆ రోజు కూలి పోతుంది.

కొన్ని చానళ్లు వార్తల మధ్య ప్రమాద సైరను మోగించాయి. అట్లా చేయవద్దని ప్రభుత్వం చెప్పింది. ఊరికే మోగిస్తే, నిజంగా మోగినప్పుడు ఎవరూ లేవరు. నాన్నా పులి కథ అందరికీ తెలుసు కదా.

హైదరాబాదు దగ్గర శంషాబాద్‌లో కరాచీ బేకరీ ఉంది. ఆ పేరు చూసి కొందరు కోపంతో దాని బోర్డు మీద కర్రలతో కొట్టారు. ఆ బేకరీ పెట్టింది ఎవరు? దేశ విభజనప్పుడు సింధు నుంచి అన్నీ వదులుకొని వచ్చిన కుటుంబం. 1953లో హైదరాబాదులో దుకాణం తెరిచింది. యుద్ధం కోపం దారి తప్పితే పక్కింటి మీదే పడుతుంది.

సగం నిజం ఇంకా ప్రమాదం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అది నిజం. జపాను సైన్యం ఒడ్డుకు దిగబోతోందని మద్రాసులో కబురు పాకింది. జనం ఊరు విడిచి పరుగులు తీశారు. సైన్యం మాత్రం రాలేదు. అప్పుడు ఫోన్లు లేవు. అయినా పుకారు పరుగెత్తింది. ఇప్పుడు దానికి రెక్కలు వచ్చాయి.

అన్నీ అబద్ధాలేనా?

కాదు. "టీవీ అంతా అబద్ధం, ఫోనంతా అబద్ధం" అనడం కూడా తప్పే.

2025 మే 9న సరిహద్దులో కాల్పులకు మురళీ నాయక్ అనే జవాను చనిపోయాడు. ఆయనది శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. అది నిజం వార్త. తండాలో అంత్యక్రియలు జరిగాయి. మంత్రులు వచ్చారు. వేల మంది చూశారు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పెద్ద ఎత్తున యుద్ధానికి దిగింది. మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఆ దేశాల నుంచే వచ్చేది. నూనె ధర పెరుగుతుందని వార్త వచ్చింది. అది నిజమని అంగడికి పోయిన వాళ్లందరికీ తెలిసింది. అదే యుద్ధంలో ఉక్రెయిన్ వీరుడు ఒక్కడే ఎన్నో విమానాలు కూల్చాడని కథ తిరిగింది. అది కట్టుకథ అని ఉక్రెయిన్ వాయుసేనే రెండు నెలల తర్వాత చెప్పింది.

నిజం వార్తకు పేరు, ఊరు, తేదీ, సాక్షి ఉంటాయి. ఒక్క చోటే కాదు, నాలుగు చోట్ల అదే మాట ఉంటుంది.

అవ్వ అడిగిన ప్రశ్నలు

ఒక ఇంట్లో ఇట్లా మాటలు జరిగాయి అనుకుందాం.

మనవడు: అవ్వా, కరాచీ రేవు తగలబడిపోయింది. ఇదిగో చూడు!

అవ్వ: ఎవురు చెప్పారు నాయనా?

మనవడు: మా గ్రూపులో పెట్టారు.

అవ్వ: పెట్టినోడు కరాచీలో ఉండాడా?

మనవడు: లేదవ్వా, నాయుడుపేటలో ఉండాడు.

అవ్వ: నాయుడుపేటలో కూసున్నోడికి కరాచీ ఎట్టా కనపడిందిరా?

మనవడు: వాడికీ ఎవురో పంపించారు.

అవ్వ: ఆ మంట ఎప్పటిదో రాసుందా?

మనవడు: లేదు.

అవ్వ: ఇంకెవురన్నా చెప్పారా? పేపర్లో వచ్చిందా?

మనవడు: రేపు తెలుస్తుంది.

అవ్వ: అయితే రేపు తెలిసినాకే పంపు. ఈ రాత్రికి పంపకపోతే నీ సొమ్మేం పోదు. ఆ ఇంట్లో బిడ్డ మిలిటరీలో ఉండాడు. వాళ్లమ్మ ఇది చూస్తే నిద్రపోతుందా?

అవ్వ అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఎవరు చెప్పారు? వాళ్లు అక్కడ ఉన్నారా? ఎప్పటి సంగతి? ఇంకెవరు చెప్పారు? ఈ నాలుగింటికీ జవాబు దొరికే దాకా వార్తను పక్కన పెట్టాలి. ఇంకొకరికి పంపకూడదు.

కేంద్ర ప్రభుత్వం గురించి వచ్చిన కబురు మీద అనుమానం వస్తే, పి.ఐ.బి. ఫ్యాక్ట్ చెక్ అనే విభాగాన్ని వాట్సాప్‌లో అడగవచ్చు. నంబరు 8799711259. అది ప్రభుత్వ విభాగం. కాబట్టి దాని మాటతో పాటు పత్రికలు కూడా చదివి సరిపోల్చుకోవాలి.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలతో పాటు అడగడం కూడా నేర్చుకున్నారు. ఊళ్లోకి సారా ఎందుకు వస్తోందని అడిగారు. వాళ్ల ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. సారాను అడ్డుకున్న జిల్లాకు పుకారును అడ్డుకోవడం చేతకాని పని కాదు.

కొత్త మాటలు

క్షిపణి – దూరం నుంచి వదిలితే పోయి పేలే ఆయుధం
జలాంతర్గామి – నీటి అడుగున పోయే ఓడ
పుకారు – నిజమో కాదో తెలియకుండా పాకే మాట
కాల్పుల విరమణ – రెండు వైపులా కాల్పులు ఆపడం

చెప్పండి

1. 2025 మే 8 రాత్రి ఏ రేవు గురించి అబద్ధపు వార్త వచ్చింది?
2. బీరుట్ పేలుడు ఏ సంవత్సరంలో జరిగింది?
3. అవ్వ అడిగిన నాలుగు ప్రశ్నలు రాయండి.

కలిసి మాట్లాడుకోండి

"కృష్ణపట్నం రేవు మీద బాంబు పడింది" అని మీ ఫోనుకు కబురు వచ్చింది అనుకోండి. మీరు ముందు ఏం చేస్తారు? ఎవరిని అడుగుతారు? ఎవరికి చెబుతారు? ఎవరికి చెప్పరు?