స్వరలిపిలో శ్వేతపరిధి

కర్ణాటక సంగీతము రెండు విధములైన లిపులలో అచ్చుకెక్కినది. 1893లో చిన్నస్వామి మొదలియారు మదరాసున ప్రకటించిన గ్రంథము పాశ్చాత్యుల పంచరేఖాలిపిలో నున్నది. 1904లో ఎట్టయాపురమున వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు స్వరాక్షరములలో నున్నది. స్వరాక్షరలిపిలో గమకచిహ్నమునకు అక్షరము పైని తెల్లని తావు దొరకును. పంచరేఖాలిపిలో చిహ్నములు తరచుగా రేఖలమీదనే పడును. అప్పుడు నలుపు నలుపుతో గలిసి, చదువరికి భ్రాంతి కలుగును.

ఈ చిక్కును తీర్చుటకు స్వరలేఖన సాఫ్ట్‌వేర్లలో శ్వేతపరిధి యను ఉపాయము గలదు. చిహ్నము చుట్టును తెల్లని అంచు నేర్పరచి, క్రింది గీతలను ఆమేరకు కప్పుటయే దీని లక్షణము. 1996లో నెదర్లండ్స్‌కు చెందిన హాన్‌వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అనువారు ఆరంభించిన ‘లిలీపాండ్’లో దీనికి ‘వైటౌట్’ అని పేరు. పరిధికి మూడు రూపములు: దీర్ఘచతురస్రము, మూలలు గుండ్రనైన చతురస్రము, చిహ్నాకృతి ననుసరించు అంచు. వేరుగా నిర్దేశింపనిచో మొదటిదే వచ్చును. దాని వెడల్పునకు పంచరేఖల మందమే కొలమానము. వాలుగానున్న అక్షరమునకు చతురస్రము వాడినచో, అక్షరము తాకని మూలలందును రేఖలు నిష్కారణముగా తెగును. ఆకృతి ననుసరించు అంచు మిక్కిలి తక్కువ కప్పును.

తెలుపు దేనిని చెరపదు, కప్పును. కావున ముద్రణక్రమము ముఖ్యము. లిలీపాండ్‌లో ప్రతి వస్తువునకు ‘లేయర్’ అను క్రమసంఖ్య గలదు. తక్కువ సంఖ్య గలది ముందు గీయబడును, ఎక్కువ సంఖ్య గలది దానిపై వచ్చును. పెక్కింటి సంఖ్య 1. రెండు స్వరములను కలుపు బంధరేఖ తాళసంకేతమును దాటిపోవు సందర్భమును చూడవచ్చును. బంధరేఖను అడుగున నుంచి, దానిపై శ్వేతపరిధితో తాళసంకేతమును, అన్నిటిపైని పంచరేఖలను నిలిపినచో బంధరేఖ మాత్రమే తెగును. పంచరేఖలు అఖండముగా నిలుచును.

దీనివలన ఒక నియమము సిద్ధించుచున్నది. పంచరేఖ కొంత తెగినను కన్ను దానిని పూరించుకొనును. అదనపురేఖ కప్పబడినచో స్వరస్థానమే మారినట్లు తోచును. విభాగరేఖ మరుగైనచో తాళవిభాగపు ఎల్ల పోవును. కాబట్టి పరిధి విస్తృతిని నిర్ణయింపవలసినది అందము గాదు, అర్థము. రంగు కాగితముపై చూపు పుటలలో ఈ తెలుపు మచ్చగా బయటపడును. కనబడకుండుటకే ఏర్పడినదైనను, శ్వేతపరిధియు లిపిలో ఒక చిహ్నమే యని గ్రహింపవలెను.