ఆల్‌ఫ్రిస్టన్ పాదిరి ఇల్లు – ఒక పరిశీలన

ప్రాచీన కట్టడమనగానే మనకు కోటలు, గోపురాలు, సమాధులు స్ఫురిస్తాయి. సామాన్యుని ఇల్లు చరిత్ర పుటలలోనికి ఎక్కడం అరుదు. అట్టి గౌరవం దక్కిన ఇంటిని గూర్చి ముచ్చటించడమే ఈ వ్యాసోద్దేశం.

ఇంగ్లండు దక్షిణ భాగాన, ససెక్స్ సీమలో ఆల్‌ఫ్రిస్టన్ అనే పల్లె ఉన్నది. అక్కడి చర్చి చేరువనున్న పాదిరి ఇల్లు 14వ శతాబ్ది నాటి నిర్మాణ పద్ధతికి చక్కని ఉదాహరణ. దీనికి బలం రాతిగోడలు కావు. ఓక్ దూలాల చట్రం. దూలాలను కర్రమేకులతో బిగించి, నడుమ తడికలు అల్లి, మట్టి మెత్తారు. పైన గడ్డికప్పు. నేలపై సుద్ద పరచి, దిమ్మిసతో గట్టిపరచి, పులిసిన పాలు పూశారు. పేడతో అలికిన మన మట్టి నేలలను ఎరిగిన వారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

ఇంటి నడుమ కప్పు వరకు ఎత్తుగా, అటక లేని విశాలమైన సావడి; ఇరుప్రక్కల రెండంతస్తుల గదులు. ఆ గదుల పై అంతస్తులు కొంత ముందుకు పొడుచుకొని వస్తాయి. మొత్తానికి కప్పు ఒక్కటే. పూర్వం ఇట్టి సావడి మధ్యనే నిప్పు రగిలించేవారు. పొగ కప్పు సందులనుండి వెలుపలికి పోయేది. యజమాని, పరిజనం ఆ ఒక్క నిప్పు చుట్టూ చేరేవారు. తర్వాతి శతాబ్దులలో పొగగొట్టాలు వచ్చాయి. ఎవరి గది వారికి ఏర్పడింది. ఇంటి రూపం మారిందంటే జీవన విధానం మారిందన్నమాట.

కాలక్రమాన ఈ ఇల్లు పేదల కాపురాలకు ఆశ్రయమై, 19వ శతాబ్ది చివరికి కూలిపోయే స్థితికి వచ్చింది. అప్పటి పాదిరి బేనన్ దానిని కాపాడాలని పాటుపడినాడు. విలియం మోరిస్ 1877లో స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని, తరువాత 1895లో వెలసిన నేషనల్ ట్రస్టును అర్థించాడు. ట్రస్టు స్థాపకులలో ఒకరైన ఆక్టేవియా హిల్ పూనికతో 1896లో పది పౌన్లకు ఇల్లు కొన్నారు. నేషనల్ ట్రస్టు కొన్న మొట్టమొదటి కట్టడం ఇదే! వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ పవెల్ మరమ్మతులు సాగించాడు. కొన్న వెల స్వల్పమే. నిలబెట్టడానికైన వ్యయమే అధికం.

మన పల్లెలలోనూ మండువా లోగిళ్లు, పాత మట్టి మిద్దెలు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. సెలవులకు ఇంటికేగే విద్యార్థులు తమ ఊరిలోని ఒక్క పాత ఇంటినైనా పరిశీలించి, కొలతలు వ్రాసుకొని, పెద్దలనడిగి దాని కథను భద్రపరచగలిగితే, అది చరిత్రకు చేసిన సేవ కాగలదు.