అగ్గితెగులు మీద పరిశోధన చేస్తున్న మనవరాలికి

మచ్చ బొల్లారం

బిడ్డా,

రాజేంద్రనగర్‌లో వరి అగ్గితెగులు మీద థీసిస్ మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. మంచి పని పట్టుకున్నావు. రాత్రి చలి, ఆకు మీద మంచు, పొలంలో ఎక్కువైన యూరియా కలిస్తే నూలుకండె మచ్చలు ఎంత తొందరగా మెడవిరుపు దాకా పోతాయో సాంబ మసూరి వేసిన రైతునడుగు.

నీకు చెప్పాలనుకున్నది ఒక్కటే. పీసీఆర్‌లో మ్యాట్1-1, మ్యాట్1-2 అనే జతరకాలు రెండూ కనిపించగానే ‘ఇక్కడ లైంగిక ప్రజననం జరుగుతోంది’ అని రాసేయకు. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రంలో ఒకే జతరకానివి కలిస్తే సంతానం లేదు. వేర్వేరు రకాలు కలిసినా వాటిలో ఒకటైనా ఆడపాత్ర పోషించగలగాలి. వరి మీది వాటిలో చాలావాటికి ఆ శక్తి లేదు. అందుకే లోకంలో ఎక్కువ చోట్ల ఇది గాలిలో కొట్టుకుపోయే అలైంగిక బీజాలైన కొనిడియాలతోనే, తల్లిని అచ్చుగుద్దినట్టు, పెరుగుతుంది. జత కలిసినప్పుడు ఏర్పడే పెరిథీసియాలను ప్రయోగశాలలో దశాబ్దాలుగా చూస్తున్నాం గానీ, వరిపొలంలో పట్టుకున్నవాళ్లు లేరు. చైనాలోని యున్నాన్‌లో ఇవి జతకడుతున్నాయని 2012లో తేల్చిన పరిశోధన కూడా సంతానశక్తినీ జన్యువుల కలగలుపునూ చూసే ఆ మాట అన్నది.

ఇంత పట్టింపు ఎందుకంటావా? ఒక శిలీంధ్రం వరిలోని పై-టా నిరోధక జన్యువును దాటింది, ఇంకొకటి పై54ను దాటింది అనుకో. జత లేకుండా క్లోనుగానే పెరిగితే ఒకే వంశంలో రెండు మార్పులూ వేరువేరుగా రావాలి. జతకడితే, మార్పులు వచ్చిన శిలీంధ్ర జన్యువులు వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు, పిల్లల్లో నాలుగో వంతుకు ఒక్క తరంలోనే రెండు శక్తులూ వస్తాయి. రెండు నిరోధక జన్యువులు కూర్చి తయారుచేసిన వంగడానికి అది పెద్ద దెబ్బ. అయితే క్లోనును తక్కువ అంచనా వేయకు. పై-టా గుర్తుపట్టే శిలీంధ్రపు ఏవీఆర్-పిటా జన్యువు క్రోమోజోము చివర ఉంటుంది. జత అవసరం లేకుండానే అది తెగిపోతుంది, దానిలోకి చోటు మారే జన్యుముక్కలైన ట్రాన్స్‌పోజాన్లు దూరిపోతాయి.

అందుకని ఒక్కో మచ్చ నుంచి ఒక్క కొనిడియానే పెంచు. రెండు జతరకాలు సమానంగా ఉన్నాయా, ఒకటే నిండిపోయిందా లెక్కపెట్టు. తర్వాత గయ్11 లాంటి సంతానశక్తి గల శిలీంధ్రాలతో ఓట్‌మీల్ అగర్ మీద కలిపి చూడు. మేడ్చల్, శామీర్‌పేట వైపు వచ్చినప్పుడు వరితో ఆగకు; తైదల మీది అగ్గితెగులు నమూనాలూ తీసుకో. వాటిలో సంతానశక్తి గలవి ఎక్కువ. వరిలో పోయిన శక్తి ఏమిటో వాటి పక్కన పెట్టి చూస్తేనే నీకు తెలుస్తుంది.

ప్రేమతో,
తాతయ్య