ప్రశ్న ఒకటే, దారులు మూడు

ఎండాకాలం మధ్యాహ్నం మణుగూరులోని సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో లోడుతో గట్టెక్కుతున్న డంపర్ ఇంజన్ వేడెక్కితే, బండి ఆపి ముందు చూసేది రేడియేటర్‌నే. ఊరి దగ్గర్లోనే 270 మెగావాట్ల యూనిట్లు నాలుగున్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. అశ్వాపురం భారజల కర్మాగారంలో వేడి, చల్లని టవర్లలో నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ మధ్య భార హైడ్రోజన్ మార్పిడి జరుగుతుంది. మూడు చోట్లా మెకానికల్ ఇంజనీరు ముందున్న ప్రశ్న ఒకటే: వేడిని, ప్రవాహాన్ని అదుపులో పెట్టడం ఎలా? అదే ప్రశ్నను పట్టుకుని పరిశోధకుడిగా, అధ్యాపకుడిగా, వ్యాపారవేత్తగా ఎదగవచ్చు.

పరిశోధన

ఐఐటీ హైదరాబాద్ మెకానికల్ విభాగం ప్రొఫెసర్ నిశాంత్ దొంగరి ఈ మూడు దారులకూ మంచి ఉదాహరణ. ఐఐటీ బాంబే ప్రొఫెసర్ అమిత్ అగ్రవాల్‌తో కలిసి ఆయన 2007లో ప్రచురించిన పత్రం అతి సన్నని గొట్టాల్లో వాయువు నడకకు సంబంధించినది. మామూలు గొట్టంలో గోడను ఆనుకున్న గాలి పొర కదలదు. గొట్టం వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నబడితే, ఒక అణువు మరో అణువును ఢీకొనేలోపు సాగే దూరం గొట్టం వెడల్పుతో పోల్చదగ్గదవుతుంది. అప్పుడు గోడ పక్కన గాలి జారుతుంది, పాత సూత్రాలు సరిపోవు. అంతరిక్షం అంచున పలచబడిన గాలికీ ఇదే లెక్క. ఆ పత్రం తర్వాత నిశాంత్ గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు.

బోధన

అధ్యాపక వృత్తికి మొదటి మెట్టు బీటెక్. అందులో చేరడానికి ఇంటర్ ఎంపీసీ తర్వాత జేఈఈ, ఈఏపీసెట్ ఉన్నాయి. పది తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవారు ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. గేట్ స్కోరుతో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ స్థాయి ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇంట్లో డబ్బు లేదని పరిశోధన ఆశ వదులుకోకండి. ఐఐటీలో అధ్యాపకులు కావాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పనిసరి, మంచి ప్రచురణలు, ఆపైన అనుభవం కూడా చూస్తారు.

వ్యాపారం

నిశాంత్ స్థాపించిన ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ప్యూర్ ఈవీ ఐఐటీ హైదరాబాద్ ఇంక్యుబేటర్‌లో మొలకెత్తింది. ఈ స్కూటర్లను నడిపే లిథియం బ్యాటరీలో పుట్టే వేడి బయటికి పోయే వేడిని మించితే సెల్ అదుపు తప్పుతుంది. నిజామాబాద్, చెన్నైల్లో స్కూటర్లకు మంటలంటుకున్నాక 2022 ఏప్రిల్‌లో ఆ కంపెనీ 2,000 స్కూటర్లను వెనక్కి పిలిపించింది. ల్యాబులో లెక్క తప్పితే మళ్లీ చేయొచ్చు. వీధిలో అది ఎవరి ప్రాణం మీదకైనా రావచ్చు. వ్యాపారంలోకి దిగాలనుకునే ప్రతి ఇంజనీరూ ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. నమూనా చేసి చూసుకోవడానికి హైదరాబాద్‌లో టీ-వర్క్స్, స్టార్టప్ సాయానికి టీ-హబ్ ఉన్నాయి.

ఇప్పుడేం చేయాలి?

థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ మార్కుల కోసం కాకుండా అర్థమయ్యేదాకా చదవండి. ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కించే ఓపెన్‌ఫోమ్ ఉచితం, ఇప్పుడే నేర్చుకోండి. అవకాశం దొరికితే సింగరేణి వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరండి.

ఇంకో పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో గనికి వెళ్లేవారు షిఫ్టు దిగి వచ్చాక, ఈ వారం ఏ బండి ఎందుకు ఆగిందో అడగండి. వాళ్లు చెప్పింది నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రాయండి. దానికి సరిపడే సూత్రం మీ పుస్తకంలో వెతికి కుడి పేజీలో రాయండి. ఏ సూత్రమూ సరిపోని పేజీ ఒకటి తగిలిందంటే, మీ పరిశోధన అక్కడ మొదలైనట్టే.